ఫ్రాన్సు దేశమందలి మహనీయుల సమాధులు



మరణించినవానిని అగ్నికి అప్పగించి, అస్థికలను నదీజలములలో కలిపి, ఏటేట తిథినాడు పిండము పెట్టి తలచుకొనుట మన దేశమున పెక్కుమంది పాటించు ఆచారము. దేహమునకు ఒక చోటు లేదు. తలంపునకు ఒక దినము కలదు. అందువలన యూరపు ఖండమునకు ప్రయాణము పెట్టుకొన్న తెలుగు కుటుంబములకు, అక్కడి చూడదగిన స్థలముల పట్టికలో శ్మశానములును సమాధి మందిరములును చేరియుండుట మొదట వింతగా తోచును. పిల్లలను వెంటబెట్టుకొని శ్మశానమునకు పోవుటేమని ఇంటి పెద్దవారు సంశయింతురు. ఆ సంశయము సహజమైనదే. కాని ఫ్రాన్సు దేశమున ఆ స్థలములు మృతదేహములను దాచిన చోట్లు మాత్రమే కావు. ఆ జాతి తన చరిత్రను వ్రాసికొని, కొట్టివేసి, మరల వ్రాసికొన్న రాతిపుటలు అవి.

ఫ్రాన్సులో ప్రసిద్ధుల సమాధులు వందలకొలది ఉన్నవి. అన్నిటిని వర్ణించుట ఒక సాయంకాలమున సాధ్యము కాదు. పారిసు పరిసరములందలి సాం దనీ దేవాలయము, ఆన్వలీద్ మందిరము, పాంథియాన్, పేర్ లాషేజ్ శ్మశానవాటిక అను నాలుగింటిని వరుసగా చూచినవారికి ఒక ప్రశ్న తప్పక ఎదురగును. గౌరవమునకు అర్హులెవరు? దానిని నిర్ణయించువారెవరు? ఆ నిర్ణయము తప్పైనచో దిద్దుకొనుట సాధ్యమా? ఈ ప్రశ్నకు రాజులు ఒక సమాధానము చెప్పిరి. సేనానులు ఒకటి చెప్పిరి. గణతంత్ర ప్రభుత్వము వేరొకటి చెప్పెను. సామాన్య జనులు ఎవరి ఆజ్ఞయు లేకుండ, తమ కాళ్లు నడిపించిన చోటికి పోయి, మరియొక సమాధానము చెప్పుచున్నారు.

సాం దనీ పట్టణము పారిసునకు ఉత్తరమున కలదు. నేడది నగరములో కలిసిపోయినట్లే యున్నది. భూగర్భ రైలులో 13వ మార్గమున పోయినచో దేవాలయము పేరుగల స్టేషనులోనే దిగవచ్చును. పారిసునకు మొదటి బిషప్పైన దనీ అను సాధువు సమాధిపై ఆ దేవాలయము వెలసినదని ప్రతీతి. 12వ శతాబ్దమున సూజే అను మఠాధిపతి దానిని పునర్నిర్మింపజేసెను. 1144లో ప్రతిష్ఠ జరిగిన దాని గర్భాలయ భాగము గోథిక్ వాస్తువునకు ఆరంభమని చరిత్రకారులు చెప్పుదురు. మొనదేరిన తోరణములు, సన్నని స్తంభములు, వానినడుమ రంగుటద్దముల కిటికీలు. వానినుండి లోనికి వచ్చు వెలుగు రాతినేలపై ఎఱుపు నీలము కలిసిన నీడలను పరచును.

639లో మరణించిన దగోబేర్ మొదలుకొని 1824లో మరణించిన పదునెనిమిదవ లూయీ వరకు, ఫ్రాన్సు నేలిన రాజులలో మిక్కిలిమంది ఇచ్చటనే సమాధి చేయబడిరి. నలువదికి పైబడిన రాజులు, ముప్పదికి పైబడిన రాణులు, అనేక రాజకుమారులు, రాజకుమార్తెలు ఇక్కడ చేరిరి. వారి శిలాప్రతిమలు డెబ్బదికి పైగా నేటికిని ఉన్నవి. రాజు వెల్లకిల పరుండి చేతులు జోడించియుండును. రాజుల పాదములవద్ద సామాన్యముగా సింహము, రాణుల పాదములవద్ద కుక్క చెక్కబడి యుండును. ఒకటి బలమునకును, రెండవది విశ్వాసమునకును గుర్తులు.

వీనిలో పండ్రెండవ లూయీ, ఆయన రాణియగు ఆన్ వీరి సమాధి చూపరులను నిలువరించును. పై అంతస్తున రాజదంపతులు మోకరిల్లి ప్రార్థన చేయుచుందురు. క్రింది అంతస్తున అదే దంపతులు వస్త్రములేని శవములై, ముఖములు పీక్కొనిపోయి పడియుందురు. రాజైనను మట్టిలో కలియవలసినవాడే అను సత్యమును రాజవంశమే రాతిలో చెక్కించి, దేవాలయములో అందరికి కనబడునట్లు నిలుపుట ఆశ్చర్యము. వేదాంతము బోధించు మన వైరాగ్యమే అక్కడ పాలరాతిలో కనబడును.

కాని ఆ శిల్పి చెక్కిన మాటను చరిత్ర మిక్కిలి కఠినముగా నిజము చేసెను. 1792 సెప్టెంబరులో రాజరికము రద్దయ్యెను. 1793 జనవరి 21వ తేదీన పదునారవ లూయీ శిరచ్ఛేదమునకు గురియయ్యెను. ఆ సంవత్సరము ఆగస్టులో సాం దనీ సమాధులను పగులగొట్టిరి. అక్టోబరులో పేటికలను వెలికి తీసి, రాజుల అవశేషములను దేవాలయమునకు ఉత్తరమున త్రవ్విన రెండు గోతులలో పడవైచి, సున్నము చల్లిరి. పేటికల సీసమును కరగించి తుపాకిగుండ్లకు వినియోగించిరి. అన్ని వంశములవారు, మంచివారు, చెడ్డవారు అను భేదము లేకుండ ఆ గోతులకే చేరిరి. నాలుగవ హెన్రీ 1598లో నాంత్ శాసనము వెలువరించి, మతకలహములతో నలిగిన దేశమునకు శాంతి చేకూర్చి, ప్రజల ప్రేమకు పాత్రుడైన రాజు. ఆయన మృతదేహము 183 సంవత్సరముల తరువాతను చెక్కు చెదరకుండ బయటపడినదనియు, జనులు దానిని వింతగా చూచిరనియు చెప్పుదురు. ఆయనకును ఆ గోయియే గతియయ్యెను. కోపమునకు తూచి చూచు త్రాసు లేదు.

ఆ దినములలో అలెగ్జాండర్ లెన్వార్ అను ఒక వ్యక్తి మాత్రము శిలాప్రతిమలను కాపాడవలెనని పట్టుబట్టెను. రాజుల మీద ద్వేషముండవచ్చును, శిల్పుల శ్రమ మీద ద్వేషమెందులకని ఆయన వాదము. సేకరించిన ప్రతిమలను పారిసులో ఒక ప్రదర్శనశాలలో నిలిపి, 1795లో ప్రజలకు తెరచెను. ఆయన పూనిక లేనియెడల నేడు యాత్రికుడు చూచునది అంతగా మిగిలియుండెడిది కాదు.

రాజరికము తిరిగి వచ్చిన పిదప, 1815లో పదునారవ లూయీ దంపతుల అవశేషములను సాం దనీకి తరలించిరి. 1817లో గోతులనుండి ఎముకలను తీసిరి. ఏ ఎముక ఎవరిదో తెలియు మార్గము లేకపోయెను. అన్నిటిని కలిపి భూగృహమున ఒక గదిలో ఉంచి, పేర్లు చెక్కిన పలకలను తలుపునకు ఇరుప్రక్కల నిలిపిరి. వెయ్యేండ్ల రాజవంశ వైభవము ఒక పేర్లపట్టికగా మిగిలెను. దానికి సమీపముననే ఒక స్ఫటికపాత్రలో చిన్న గుండె యొకటి కలదు. అది పదేండ్ల ప్రాయమున, 1795లో, చెరసాలలో మరణించిన రాజకుమారునిది. శవపరీక్ష చేసిన వైద్యుడు దానిని తీసి దాచెను. రెండు వందల యేండ్లు అది చేతులు మారి, 2000లో వంశపారంపర్య పరీక్షవలన నిజమైనదని తేలి, 2004లో ఇక్కడ ఉంచబడెను. తల్లిదండ్రుల పాపపుణ్యముల లెక్క ఎట్లున్నను, ఆ పసివాడు చేసిన నేరమేమి? పిల్లలతో వచ్చిన తల్లులు ఆ పాత్రవద్ద కొంతసేపు మౌనముగా నిలిచిపోవుదురు.

రాజుల సమాధానమట్లుండగా సేనానుల సమాధానము ఆన్వలీద్ మందిరమున కలదు. పదునాలుగవ లూయీ 1670లో, యుద్ధములలో అంగవికలులైన వృద్ధసైనికులకు ఆశ్రయముగా దీనిని స్థాపించెను. బంగారుపూత పూసిన దాని గోపురము పారిసులో చాల దూరమునకు కనబడును. గోపురము క్రింద, వృత్తాకారముగా త్రవ్విన లోతైన భాగమున, ఎఱ్ఱని రాతిపేటికలో నెపోలియన్ విశ్రమించుచున్నాడు. ఒకదానిలో ఒకటిగా పలుపేటికలలో ఆయన దేహమును భద్రపరచిరి. చుట్టును పండ్రెండు విజయదేవతల ప్రతిమలు నిలిచియున్నవి. పైనుండి క్రిందికి చూడవలసి యుండుటచేత, చూడవచ్చిన ప్రతివాడును తల వంచక తప్పదు.

నెపోలియన్ 1821 మే 5వ తేదీన సెయింట్ హెలీనా ద్వీపమున బందీగా మరణించెను. తన అవశేషములు సేన్ నదీతీరమున, తాను ప్రేమించిన ఫ్రెంచి ప్రజలమధ్య ఉండవలెనని మరణశాసనమున కోరెను. 1840లో లూయీ ఫిలిప్ రాజు ఆంగ్లేయుల అనుమతితో వానిని తెప్పించెను. ఆ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన, గడ్డకట్టు చలిలో, ఊరేగింపు ఆన్వలీద్ చేరెను. విస్కోంతి అను శిల్పి రూపొందించిన సమాధి పూర్తియగుటకు మరి యిరువది యేండ్లు పట్టెను. 1861లో దేహమును అందుంచిరి. చచ్చిన చక్రవర్తికి ఒక రాజు ఇంత శ్రమపడి స్వాగతమిచ్చుటలో భక్తి కొంత, తన సింహాసనమునకు ఆ కీర్తినుండి కొంత బలము తెచ్చుకొనవలెనను ఆశ కొంత కలవు. ఆ ఆశ ఫలింపలేదు. ఎనిమిదేండ్లలో ఆ రాజు దేశము విడిచి పారిపోయెను.

ఇట్టి ప్రయత్నమే మరియొకటి 1940లో జరిగెను. పారిసును ఆక్రమించిన హిట్లర్, నెపోలియన్ కుమారుని అవశేషములను వియన్నానుండి తెప్పించి ఆన్వలీదునకు కానుకగా ఇచ్చెను. చలికి వణకుచున్న పారిసువాసులు, తమకు కావలసినది బొగ్గు గాని బూడిద కాదని గొణుగుకొనిరని ప్రతీతి. మృతులను కానుకగా ఇచ్చి బ్రదికియున్నవారి మనసులను కొనుట ఎవరికిని సాధ్యము కాదు.

మూడవది పాంథియాన్. లాటిన్ పేట అని పేరొందిన విద్యాస్థానమున, సోర్బాన్ విశ్వవిద్యాలయమునకు చేరువగా, ఒక గుట్టపై ఇది నిలిచియున్నది. 1744లో జబ్బుపడిన పదునైదవ లూయీ, స్వస్థత కలిగినచో పారిసు నగరమును కాపాడు జనెవియేవ్ సాధ్వికి దేవాలయము కట్టింతునని మ్రొక్కుకొనెను. సుఫ్లో అను వాస్తుశిల్పి రూపొందించిన ఆ దేవాలయము 1790లో ముగియుసరికి కాలము మారిపోయెను. 1791 ఏప్రిల్ నెలలో, వక్తయైన మిరాబో మరణింపగా, జాతీయ సభ దేవాలయమును మహాపురుషుల సమాధి మందిరముగా మార్చెను. మహాపురుషులకు మాతృభూమి కృతజ్ఞత తెలుపుచున్నదను అర్థముగల వాక్యమును ద్వారముపై వ్రాయించిరి. పుట్టుకతో కాక పనితో గౌరవము లభింపవలెనను క్రొత్త ధర్మము అక్కడ ఆరంభమయ్యెను.

కాని ఆరంభముననే అపశ్రుతి పలికెను. మొదట ప్రవేశించిన మిరాబో, రాజునొద్ద రహస్యముగా ధనము పుచ్చుకొని సలహాలిచ్చెనని పత్రములు బయటపడెను. 1794లో ఆయనను మందిరమునుండి తొలగించిరి. అదే సంవత్సరము ప్రవేశించిన మరా అను నాయకుని మరుసటి సంవత్సరమే బయటికి పంపిరి. కార్యాలయములో ఒక అధికారి మంజూరు చేసిన దస్త్రమును తరువాతి అధికారి రద్దు చేసినట్లు, అమరత్వము సైతము రద్దగుచుండెను. మందిరమును 19వ శతాబ్దమున రెండు పర్యాయములు మరల దేవాలయము చేసిరి; రెండు పర్యాయములు మరల జాతీయ మందిరము చేసిరి. ఈ అనుభవమువలన ఆ జాతి నేర్చుకొన్న పాఠమొకటి కలదు. తొందరపడి ఇచ్చిన గౌరవము నిలువదు. కావున పిమ్మట కాలములో, మరణించి ఎన్నో యేండ్లు గడచినవారే పెక్కుమంది ఇక్కడికి వచ్చిరి.

భూగృహమున దిగగానే వోల్టేర్, రూసో ఎదురెదురుగా కనబడుదురు. బ్రదికినంతకాలము వారిరువురికి పొసగలేదు. ఇరువురును 1778లోనే మరణించిరి. మతాధికారులను ఎదిరించినందున వోల్టేరునకు పారిసులో క్రైస్తవ సంస్కారము దొరకలేదు. బంధువులు రహస్యముగా దూరప్రాంతపు మఠమునకు తీసికొనిపోయి పూడ్చిరి. 1791లో అదే పారిసు బ్రహ్మరథము పట్టి ఆయనను ఇక్కడికి తెచ్చెను. 1794లో రూసో వచ్చెను. రూసో సమాధికి తలుపు చెక్కి, అది కొంచెము తెరచుకొని లోపలినుండి ఒక చేయి దివిటీ పట్టి బయటికి వచ్చినట్లు చూపిరి. ఇరువురి భావములును మరణముతో ఆగలేదని చెప్పుటకు అంతకు మించిన గుర్తు లేదు.

ఇంకొక గదిలో విక్టర్ హ్యూగో, ఎమిలీ జోలా, అలెగ్జాండర్ డ్యూమా ముగ్గురు రచయితలు కలిసియున్నారు. హ్యూగో నవల ఆధారముగా 1950లో నాగయ్య నటించిన బీదలపాట్లు చిత్రమును చూచి కన్నీరు పెట్టిన తెలుగువారికి ఆయన పరాయివాడు కాడు. బీదల శవవాహనముననే తనను తీసికొనిపోవలెనని హ్యూగో కోరెను. ప్రభుత్వము ఆ కోరికను మన్నించెను. 1885 జూన్ 1వ తేదీన ఆ చిన్న నల్లని బండి వెనుక, వీథుల కిరువైపుల, ఇరువది లక్షలమంది నిలిచిరని అంచనా. పాంథియాన్ మరల దేవాలయము కాకుండ స్థిరముగా జాతీయ మందిరమైనది ఆ దినముననే.

జోలా కథ వేరు. చేయని నేరమునకు శిక్షింపబడిన డ్రైఫస్ అను యూదు సైనికాధికారి పక్షమున 1898లో ఆయన కలము పట్టి, ప్రభుత్వమును, సైన్యమును నిలదీసెను. అందువలన దేశము విడిచి పోవలసివచ్చెను. డ్రైఫస్ నిర్దోషియని 1906లో తీర్పు వెలువడునప్పటికి జోలా జీవించి లేడు. 1908లో ఆయనను పాంథియానునకు తరలించిన సభలోనే ఒకడు డ్రైఫసుపై కాల్పులు జరిపి చేతికి గాయము చేసెను. న్యాయస్థానము ఆ కాల్చినవానిని నిర్దోషిగా విడిచిపెట్టెను. గౌరవము ఇచ్చుట సులభము. ఆ గౌరవమునకు కారణమైన సత్యమును అందరిచేత ఒప్పించుట కష్టము. డ్యూమా విషయమున మరియొక జంకు ఉండెడిది. ఆయన నాయనమ్మ కరీబియను ద్వీపమున నల్లజాతి బానిస. లోకమంతట చదువబడిన ఆ కథకుడు 1870లో మరణింపగా, పాంథియాన్ ద్వారము ఆయనకు 2002లో తెరచుకొనెను.

లూయీ బ్రెయిలీ సమాధివద్ద చూపరి తప్పక నిలువవలెను. మూడేండ్ల ప్రాయమున తండ్రి తోలుపని దుకాణములో ఆరె గ్రుచ్చుకొని చూపు పోగొట్టుకొన్న ఆ బాలుడు, పెరిగి, అదే విధముగా కాగితముపై చుక్కలు పొడిచి, అంధులకు అక్షరములిచ్చెను. తెలుగక్షరములను వ్రేళ్లతో చదువుకొను మన అంధ విద్యార్థులును ఆయనకు ఋణపడియున్నారు. 1852లో మరణించిన ఆయనను నూరేండ్లకు, 1952లో, పాంథియానునకు తెచ్చిరి. కాని చేతుల ఎముకలను మాత్రము ఆయన పుట్టిన కూవ్రే గ్రామము విడువలేదు. అవి నేటికిని ఆ గ్రామముననే ఉన్నవి. దేశము మనిషిని అడిగెను. ఊరు ఆ చేతులను ఉంచుకొనెను.

ద్వారముపైనున్న వాక్యము పురుషులను మాత్రమే పేర్కొనును. ఆ మాట చాలకాలము అక్షరాల నిజమయ్యెను. 1907లో సోఫీ బెర్తెలో అను స్త్రీ ప్రవేశించినది, శాస్త్రజ్ఞుడైన భర్తకు దూరము చేయరాదను కారణమున. స్వీయప్రతిభచేత ఒక స్త్రీ అక్కడ అడుగు పెట్టుటకు మరి 88 యేండ్లు పట్టెను. 1995లో, రెండు నోబెల్ బహుమానములు పొందిన మేరీ క్యూరీ, భర్త పియేర్ క్యూరీతోపాటు వచ్చెను. 2018లో, నాజీ మృత్యుశిబిరమునుండి బ్రదికి వచ్చి మంత్రియై స్త్రీల హక్కులకై పోరాడిన సిమోన్ వేయ్ చేరెను. 2021లో, అమెరికాలో నల్లజాతి పేద కుటుంబమున పుట్టి, ఫ్రాన్సున నర్తకియై, యుద్ధకాలమున ఆ దేశమునకై రహస్యసేవ చేసిన జోసెఫిన్ బేకర్ చేరెను. ఆమె దేహము మొనాకోలోనే యున్నది. ఆమె జీవించిన నాలుగు తావుల మట్టిని పేటికలో ఉంచి ఇక్కడికి తెచ్చిరి. 2024లో, నాజీలను ఎదిరించి కాల్చివేయబడిన ఆర్మీనియా కార్మికుడు మిసాక్ మనూషియాన్ భార్యతో కూడ వచ్చెను. ఆయనకు ఫ్రెంచి పౌరసత్వము సైతము దొరకలేదు. మాతృభూమి అను మాటకు అర్థము ఇట్లు క్రమముగా విశాలమగుచున్నది.

పాంథియానునకు ఎవరిని పంపవలెనో నేడు దేశాధ్యక్షుడు నిర్ణయించును. అయినను ఆ ఆహ్వానమును అందరు స్వీకరింపరు. రచయిత ఆల్బేర్ కామూను తరలింపవలెనని 2009లో ప్రతిపాదన రాగా ఆయన కుమారుడు అంగీకరింపలేదు. కామూ దక్షిణ ఫ్రాన్సున లూర్మారిన్ గ్రామములోనే యున్నాడు. దేశాధ్యక్షుడైన ద గాల్, తనకు ప్రభుత్వ లాంఛనములు వలదని 1952లోనే వ్రాసి ఉంచెను. 1970లో మరణించిన ఆయనను కొలంబే గ్రామ శ్మశానమున, పుట్టుకతో మనోవైకల్యము కలిగి, ఇరువదియేండ్లకే గతించిన కుమార్తె ప్రక్కన ఉంచిరి. రాతిపై పేరు, రెండు సంవత్సరముల అంకెలు తప్ప మరేమియు లేదు.

నాలుగవది పేర్ లాషేజ్. ఇక్కడ ప్రవేశ రుసుము లేదు. 44 హెక్టార్ల విస్తీర్ణముగల కొండవాలు, చెట్లు, రాళ్లు పరచిన బాటలు. పటము చేతలేనిదే దారి తప్పుట నిశ్చయము. మెత్తని పాదరక్షలును, పూర్తి పూటయు కావలెను. 1804లో ఇది తెరచినప్పుడు ఊరికి దూరమని ఎక్కువమంది రాలేదు. 1817లో నాటకకర్త మోలియేరువి, కథాకవి లా ఫాంతేనువి అని చెప్పబడు అవశేషములను, మధ్యయుగపు ప్రేమికులైన అబెలార్, ఎలోయీజుల అవశేషములను ఇక్కడికి తెచ్చిరి. పిమ్మట పెద్దల పొరుగున చోటు కావలెనని జనులు పోటీపడిరి. నటుడైన కారణమున 1673లో మోలియేరునకు రాత్రివేళ, ఆర్భాటము లేకుండ అంత్యక్రియ జరిగినదని తలచుకొన్నచో, ఈ మార్పు ఎంతటిదో తెలియును.

ఇచ్చట ప్రభుత్వము వరుసలు నిర్ణయింపలేదు. సంగీతకర్త షోపాన్ సమాధిపై పూవులు వాడకుండ ఎవరో ఒకరు తెచ్చి ఉంచుచుందురు. ఆయన గుండె మాత్రము స్వదేశమున, వార్సా నగరపు దేవాలయ స్తంభములో నున్నది. ఐర్లండు రచయిత ఆస్కార్ వైల్డ్ సమాధిని అభిమానులు ముద్దులతో పాడుచేయగా 2011లో గాజు అడ్డము పెట్టవలసివచ్చెను. హోమియోపతి వైద్యమును స్థాపించిన హానిమన్ సమాధియు ఇక్కడనే కలదు; ఆయన తీపిమాత్రలు ఎరుగని తెలుగిల్లు అరుదు. తూర్పుమూలనున్న ఒక సామాన్యమైన గోడ అన్నిటికంటె గంభీరమైనది. 1871 మే 28వ తేదీన పారిసు కమ్యూన్ పోరాటగాండ్రు 147 మందిని ఆ గోడకు నిలబెట్టి కాల్చి, అక్కడనే పూడ్చిరి. ఏటేట మే నెలలో కార్మికులు అక్కడికి వచ్చుచుందురు.

ఈ శ్మశానమున భారతీయుడు వెదకి చూడవలసిన తావులు రెండు కలవు. ఒకటి అయోధ్య నవాబు వాజిద్ అలీ షా తల్లి మలికా కిష్వర్ సమాధి. 1856లో ఆంగ్లేయ కంపెనీ అవధ్ రాజ్యమును కలుపుకొనగా, పరదా దాటి ఎరుగని ఆ రాణి సముద్రము దాటి లండను పోయి, విక్టోరియా రాణికి మొర పెట్టుకొనెను. ఇంతలో 1857 సంగ్రామము చెలరేగి ఆ మొర వ్యర్థమయ్యెను. తిరుగుప్రయాణమున పారిసులో, 1858 జనవరిలో, ఆమె కన్నుమూసెను. ఆమె సమాధిపై ఆడంబరమైన కట్టడమేదియు నేడు లేదు. రెండవది జె.ఆర్.డి. టాటా సమాధి. 1904లో పారిసులోనే, ఫ్రెంచి తల్లికి పుట్టిన ఆయన 1932లో భారతదేశపు తొలి విమానసంస్థను నడిపెను, 1992లో భారతరత్నమయ్యెను, 1993లో మరణించి తల్లి దేశపు మట్టిలో కలిసెను. ఒకరు న్యాయము దొరకక, ఒకరు కృతకృత్యులై, ఒకే కొండవాలున విశ్రమించుచున్నారు.

పేరున్నవారి మాట ఇంతవరకు జరిగినది. పారిసు విజయతోరణము క్రింద 1920లో పేరు తెలియని ఒక సైనికుని పేటికను తెచ్చి ఉంచిరి. 1923 నుండి అక్కడ ప్రతి సాయంకాలము జ్యోతిని ప్రజ్వలింపజేయుచున్నారు. ఉత్తర ఫ్రాన్సున నవ్ షాపెల్ అను గ్రామమున 1927లో నెలకొల్పిన భారతీయ స్మారకము దానికి తోడైనది. మొదటి ప్రపంచయుద్ధమున అక్కడి బురదలో, మంచులో ప్రాణములర్పించి, సమాధి కూడ దొరకని భారతీయులు 4,700 మందికి పైగా, వారి పేర్లు ఆ గోడలపై కలవు. దానిని రూపొందించిన హెర్బర్ట్ బేకర్, దశాబ్దములపాటు కేంద్రప్రభుత్వ కార్యాలయములకు నెలవైన ఢిల్లీ ఉత్తర, దక్షిణ సచివాలయ భవనములను నిర్మించిన శిల్పియే. ఆ మెట్లెక్కి దిగిన ఉద్యోగులకు ఆ కమానులు, ఆ ఛత్రములు పరిచితములే. తమది కాని యుద్ధములో, తమది కాని భూమిపై పడిన ఆ సిపాయిలను చూడక ఫ్రాన్సు యాత్ర ముగించుట న్యాయము కాదు.

ఫ్రాన్సు పోలేనివారికిని ఒక ఫ్రెంచి సమాధి అందుబాటున కలదు. నిజాం అలీ ఖాను కొలువులో సేనానియై, 1798 మార్చిలో మరణించిన రేమాన్ సమాధి హైదరాబాదున ఒక మిట్టపై నున్నది. ముస్యే రేమాన్ అను పిలుపును హిందువులు మూసారాం అనియు, ముస్లిములు మూసారహీం అనియు మార్చుకొనిరి. మూసారాంబాగునకు ఆ పేరు అట్లు వచ్చినదే. ఆయన మరణించిన కొలది నెలలకే ఆంగ్లేయులు ఆయన దళమును నిరాయుధము చేసిరి. అయినను చాలకాలము జనులు వర్ధంతినాడు అక్కడ దీపములు వెలిగించిరి. ఏ జాతీయ సభయు తీర్మానింపలేదు. ఏ రాజును ఆజ్ఞాపింపలేదు. పరదేశి సేనాని మన ఊరి పేరులో ఒదిగి నిలిచెను.

ఈ నాలుగు తావులు చూచి వచ్చినవారికి తోచునది ఇది. శిలను ప్రభుత్వము నిలుపగలదు, దానిని తొలగింపనుగలదు. బంగారు గోపురమును కట్టింపగలదు. తలపును మాత్రము మంజూరు చేయుట దానికి శక్యము కాదు. అది మరణించినవారు చేసిన మేలునుండియు, బ్రదికియున్నవారి న్యాయబుద్ధినుండియు రావలెను. న్యాయము ఆలస్యమైనప్పుడు దానిని నెరవేర్చుట తరువాతి తరమువారి విధి. మేరీ క్యూరీకి ఆ దేశము అట్లే చేసెను. డ్యూమాకు అట్లే చేసెను. పేరులేని రాణి సమాధియు, పేరు మాత్రమే మిగిలిన సిపాయిల గోడయు ఆ విధి ఇంకను ముగియలేదని భారతీయులకు గుర్తు చేయుచున్నవి. పారిసు ప్రయాణము తటస్థించిన సభ్యులు ఎత్తైన లోహగోపురమును, అంగళ్లను చూచిన పిదప, ఒక పూట మిగుల్చుకొని, ఆ కొండవాలునకు రెండు పూవులు తీసికొని పోవుదురుగాక.